కుక్కకు గెనుసుగడ్డ ఒరుగులు పెట్టవచ్చునా?

ప్రశ్న (తిరుచానూరు):
మా ఇంట్లో 7 ఏళ్ల లాబ్రడార్ ఉంది, బరువు 30 కిలోలు. కిందటి నెల అంగడిలో కొన్న తోలు ఎముకను నమలుతుండగా, నాని ఉబ్బిన ముక్క ఒకటి దాని గొంతుకు అడ్డం పడింది. నా భార్య నోట్లో చెయ్యి పెట్టి లాగేదాకా మాకు ఊపిరి ఆడలేదు. మా అమ్మ ప్రతి వేసవిలో మిద్దె మీద గోరుచిక్కుడు ఒరుగులు ఎండబెడుతుంది కనుక, అలాగే గెనుసుగడ్డను ఎండబెట్టి కుక్కకు ఇస్తే ప్రమాదం ఉండదా? రోజుకు ఎంత పెట్టవచ్చు?

జవాబు (పీలేరు):
నేను రెండేళ్లుగా చేస్తున్నాను. గడ్డను బాగా కడిగి, నిలువుగా అర సెంటీమీటరుకు కాస్త ఎక్కువ మందంలో కోసి, ఓవెన్‌లో 120 డిగ్రీల వద్ద మూడు గంటలు ఉంచి, సగంలో ఒకసారి తిరగవేస్తాను. ముక్కను వంచితే తోలుపట్టీలా వంగాలి. ఎండలో పెడితే పైన ఎండినట్లే కనబడి, లోపల తేమ నిలిచిపోతుంది. ఒకసారి అక్టోబరు వానల్లో డబ్బా అడుగున తెల్లటి బూజు కనిపిస్తే, తుడిచేసి పెట్టాను. మా కుక్క రాత్రంతా వాంతులు చేసుకుంది. అప్పటినుంచి కొద్దికొద్దిగా చేసి ఫ్రిజ్‌లోనే ఉంచుతున్నాను, బూజు చుక్క కనబడితే డబ్బా మొత్తం పారేస్తున్నాను.

జవాబు (తిరుపతి, పశువైద్య విద్యార్థిని):
పై పద్ధతి మంచిదే, కానీ మీ అమ్మగారి ఒరుగులను మాత్రం పెట్టకండి. మనం ఉప్పు మజ్జిగలో నానబెట్టి ఎండబెడతాము, ఆ ఉప్పు కుక్కకు తగదు. ఉల్లి వడియాల సంగతి ఇంకా ప్రమాదం: ఉల్లి, వెల్లుల్లి ఎండినా, వేగినా కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, ఆ లక్షణాలు కొన్ని రోజుల తరువాత గానీ బయటపడకపోవచ్చు. ఎండుద్రాక్ష మూత్రపిండాలకు హాని చేస్తుంది.

ఇక మోతాదు. చిరుతిండి రోజువారీ కేలరీలలో పదో వంతు దాటకూడదు. 100 గ్రాముల పచ్చి గడ్డలో సుమారు 86 కేలరీలు ఉంటాయి. ఎండి 30 గ్రాములకు దిగినా ఆ కేలరీలు ఎక్కడికీ పోవు, కనుక చేతిలో తేలికగా ఉందని గుప్పెడు పెట్టేస్తే లాబ్రడార్ త్వరగా లావెక్కుతుంది. రెండు మూడు ముక్కలు చాలు, అన్నం ఆ మేరకు తగ్గించండి. మూత్రకోశంలో ఆక్సలేట్ అనే లవణం గట్టిపడి ఏర్పడే రాళ్లు ఉన్న కుక్కకైతే గెనుసుగడ్డ వద్దు. మధుమేహం ఉంటే వైద్యుణ్ణి అడిగి పెట్టండి.

కూరగాయ కాబట్టి గొంతుకు అడ్డం పడదని అనుకోకండి. బొటనవేలి గోరు నొక్కితే ముక్కపై గంటు పడాలి. పడకపోతే అది పంటిని విరిచేంత గట్టిది. ఎదురుగా కూర్చుని తినిపించి, చివర మిగిలిన చిన్న తుంటను లాక్కోండి. ఆపైన సందేహముంటే ఇక్కడి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఆసుపత్రికి తీసుకురండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మా ఇంట్లో ఓవెన్ లేదు కనుక, ఉప్పు లేని పళ్లెం వేరుగా మిద్దెపై పెట్టి, ముక్కలు పలుచగా కోసి, మే ఎండలోనే చేస్తాను. కాకుల కాపలాకు కుక్కనే కట్టేద్దామని అమ్మ అంటోంది; దానికి మాత్రం నేను ఒప్పుకోలేదు.