ఉద్యోగం మానేసి వ్యాపారం పెడుతూ సంఘ పరిచర్య నిలబెట్టుకోవడం ఎలా?

శారదా_తీరం (ప్రశ్న)

అందరికీ వందనాలు. అనకాపల్లి పక్కన 40 కుటుంబాల స్వతంత్ర సంఘంలో వాక్య పరిచర్య చేస్తున్నాను. పరవాడ ఫార్మా సిటీలో క్వాలిటీ విభాగంలో ఉద్యోగం, సర్వీసు 9 ఏళ్ల 2 నెలలు, బేసిక్ 32,000. షిఫ్టుల వల్ల గృహ కూటాలు, శుక్రవారం ఉపవాస ప్రార్థన కుదరడం లేదు. అందుకే ఉద్యోగం మాని సొంతంగా ఏదైనా పెట్టాలని ఉంది. మూడు ఆలోచనలున్నాయి: ఇడ్లీ–దోశ పిండి, వాటర్ ప్లాంటు, ఫ్లెక్స్–ఆఫ్‌సెట్ ప్రింటింగ్. చేతిలో 4 లక్షలు ఉన్నాయి, ఇంకో 5 లక్షలు లోను తీసుకోవాలి. ఇంటి ఖర్చు నెలకు 28,000. సంఘంలో ఎక్కువమంది కూలి పనివాళ్లు, అందుకని జీతం తీసుకోవడం లేదు.

వీటిలో పరిచర్యకు అడ్డం రానిది ఏది? విశ్వాసుల్లో ఇద్దరు ముగ్గురు పెట్టుబడి ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా? మందిరం వెనక గది ఖాళీగా ఉంది, అక్కడే మొదలుపెడితే అద్దె మిగులుతుంది కదా? రాజీనామాకు ముందు ఏమేం చూసుకోవాలి?

లెక్కల_బల్ల

వందనాలు అయ్యగారూ. ముందు రాజీనామా సంగతి. ఇంకో 10 నెలలు ఆగండి. ఉద్యోగుల పెన్షన్ పథకంలో 58 ఏళ్లకు నెలనెలా పెన్షన్ రావాలంటే 10 ఏళ్ల సర్వీసు ఉండాలి. చివర్లో ఆరు నెలలు దాటిన భాగాన్ని ఏడాదిగా కలుపుతారు. అయితే చేరిన తేదీ రికార్డులో కాస్త అటూ ఇటూ అయితే ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే, అందుకే నిండా పదీ దాటించండి. మానేశాక సొంతంగా డబ్బు కట్టి ఆ లోటు పూడ్చుకునే దారి లేదు.

గ్రాట్యుటీ కూడా పెరుగుతుంది. 32,000 × 15 ÷ 26 × 10, అంటే 1,84,615. ఈ రోజు మానేస్తే తొమ్మిదేళ్లకే లెక్క కడతారు, 1,66,154 వస్తుంది.

ఇప్పుడు మీ 4 లక్షల సంగతి. అదంతా పెట్టుబడి కాదు. వ్యాపారం ఇంటికి డబ్బు ఇవ్వడం మొదలయ్యే వరకు 9 నెలల ఇంటి ఖర్చు, 28,000 × 9 = 2,52,000 విడిగా డిపాజిట్ చేసి అమ్మగారి (మీ భార్య) పేరున ఉంచండి. గ్రాట్యుటీ కలుపుకొని పెట్టుబడికి మిగిలేది సుమారు 3 లక్షల 32 వేలు. దానికి 5 లక్షల లోను కలిపితే, 11 శాతం వడ్డీకి ఐదేళ్లు అనుకుంటే, కిస్తీ నెలకు 10,870 దాకా పడుతుంది. అదే 2 లక్షలైతే 4,350. పరిచర్య చేసేవాళ్లకు ఈ తేడా మామూలుది కాదు. కిస్తీ పెద్దదైతే శనివారం రాత్రి కూడా ఆర్డర్లు పట్టుకోవాల్సి వస్తుంది, ఆదివారం ప్రసంగం ఖాళీగా ఉంటుంది.

లోను దరఖాస్తులో కులం గడి దగ్గర జాగ్రత్త. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే వర్తిస్తుంది. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు మన రాష్ట్రంలో బీసీ–సి. సంఘ కాపరిగా ఉంటూ ఎస్సీ సర్టిఫికెట్ మీద సబ్సిడీ తీసుకుంటే ఎవరో ఒకరు ఫిర్యాదు పెడతారు, డబ్బుతో పాటు సాక్ష్యమూ పోతుంది. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీలో మైనారిటీలు కూడా ప్రత్యేక కేటగిరీలోనే ఉన్నారు, ఆ దారిలో వెళ్లండి. ఆ సబ్సిడీ చేతికి రాదని మాత్రం తెలుసుకోండి. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, యూనిట్ నడుస్తోందని తనిఖీ చేశాకే లోనులో జమ అవుతుంది.

ఆరోగ్య బీమా ఈ వారమే సొంతంగా తీసుకోండి. కంపెనీ గ్రూపు పాలసీ చివరి పని రోజుతో ఆగిపోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు. ఉద్యోగంలో ఉండగానే ఆ గడియారం మొదలైతే మంచిది.

మందిరం గది వద్దే వద్దు. మందిరం మీటరు ప్రార్థనా స్థలాల కేటగిరీలో ఉంటుంది. దాని మీద గ్రైండర్ తిరిగితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు టారిఫ్ వేస్తారు. ఎప్పటినుంచి వాడారో తేలకపోతే 12 నెలలకు లెక్కగడతారు. ఆస్తి పన్ను మినహాయింపూ చేజారుతుంది. సంఘం ట్రస్టుగానో సొసైటీగానో నమోదై ఆదాయపు పన్ను మినహాయింపు నమోదు (12ఏబీ) ఉంటే ఇబ్బంది ఇంకా పెద్దది. ట్రస్టు ఆస్తిని తగిన అద్దె లేకుండా వ్యవస్థాపకుడు వాడుకుంటే పన్ను మినహాయింపుకే ఎసరు. ట్రస్టు డబ్బు అప్పుగా తీసుకున్నా అంతే.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటి, క్యూఆర్ కోడ్. మందిరం గోడ మీద కానుకలకు, షాపు కౌంటర్ మీద అమ్మకాలకు ఒకే ఫోన్ నంబరు పెట్టేస్తారు. ఏడాది చివర స్టేట్‌మెంటులో ఏది కానుకో, ఏది బేరమో తేల్చే ఆధారం ఉండదు. 2025 జూలైలో కర్ణాటకలో చిన్న వ్యాపారులకు యూపీఐ జమలు చూసే జీఎస్టీ నోటీసులు పంపారు. మూడు ఖాతాలు, మూడు నంబర్లు ఉండాలి: సంఘానిది ఇద్దరు పెద్దల ఉమ్మడి సంతకంతో, షాపుది కరెంట్ ఖాతా, ఇంటిది మామూలు సేవింగ్స్. మీ చేతిలో పెట్టే వ్యక్తిగత కానుకలు కూడా రాసుకోండి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో వచ్చినవి 50,000 దాటితే దాటినంత కాదు, మొత్తం మీద పన్ను లెక్కలోకి వస్తాయి. పరిచర్యకు ప్రతిఫలంగా ఇచ్చినవైతే ఎటూ ఆదాయమే.

రుబ్బురోలు

బ్రదర్, మీరు అడిగిన మూడు వ్యాపారాలకూ ముందు క్యాలెండర్ వేసి చూడండి. పరిచర్యలో రద్దీ ఎప్పుడో మీకే తెలుసు: ఆదివారం ఉదయం, శుక్రవారం, ఈస్టరు ముందు శ్రమదినాల 40 రోజులు, మేలో వీబీఎస్ (పిల్లల వేసవి బైబిల్ తరగతులు), డిసెంబరు మొత్తం, 31 రాత్రి ఆరాధన.

పిండి. ఇళ్లలో ఇడ్లీ, దోశ ఎక్కువగా వేసుకునేది ఆదివారం ఉదయమే, కాబట్టి పిండి ఎక్కువ పోయేది శనివారం సాయంత్రం. శనివారం మధ్యాహ్నం నానబెట్టి, రుబ్బి, ప్యాక్ చేసి కిరాణా షాపులకు చేర్చేసరికి రాత్రి 9. మన వైపు కొలత మినప్పప్పు 1కి ఇడ్లీ రవ్వ 2. పప్పు 4 గంటలు నానాలి. ఎండాకాలం మామూలు నీళ్లతో రుబ్బితే రాయి వేడికే పిండి పులియడం మొదలై, ప్యాకెట్లు ఉబ్బి ఆదివారం ఉదయానికి షాపులవాళ్లు తిప్పి పంపుతారు. ఐసు నీళ్లతో రుబ్బాలి, ప్యాక్ చేసిన వెంటనే ఫ్రిజ్‌లోకి పోవాలి, షాపులో కూడా ఫ్రిజ్ ఉండాలి. కరెంటు పోయిన రోజు సరుకంతా నష్టమే. ఇంకో మాట కూడా చెప్పాలి. పాస్టర్ గారి ఇంట్లో పిండి వ్యాపారమంటే చేసేది అమ్మగారే. ఆమెకు స్త్రీల కూటం, సండే స్కూల్, ఇంటికొచ్చేవాళ్లకు వంట ఉండనే ఉన్నాయి. ఆమెను అడిగారా? అడిగి, ఆమెకు జీతం రాసి, రుబ్బడానికి మనిషిని పెట్టగలిగితేనే దీని జోలికి వెళ్లండి.

వాటర్ ప్లాంటు. రద్దీ మార్చి నుంచి జూన్ దాకా. 20 లీటర్ల డబ్బాలు ఉదయం 6 నుంచి 10 లోపు ఇళ్లకు చేరాలి, ఆదివారం కూడా. ఆటో డ్రైవర్ రాని రోజు మీరే వెళ్లాలి. నీటిని వడకట్టే పొర, అదే మెంబ్రేన్, ఎప్పుడు పూడుకుపోతుందో బోరు నీటి ఉప్పును బట్టి ఉంటుంది, ఆ ఖర్చు ఒక్కసారిగా మీద పడుతుంది.

ప్రింటింగ్. సంఘాలతో పరిచయం ఉంది కదా, ఆర్డర్లు వస్తాయని అనుకుంటాం. వస్తాయి. వాగ్దాన క్యాలెండర్లు, క్రిస్మస్ ఫ్లెక్సులు, సభల కరపత్రాలు అన్నీ నవంబరు, డిసెంబరుల్లోనే వస్తాయి, సరిగ్గా మీకు ఊపిరాడని రోజుల్లో. పైగా తోటి సేవకులు అరువు అడుగుతారు, కానుకలు వచ్చాక ఇస్తామంటారు. గట్టిగా అడగలేం, వదులుకోలేం. పేపరు షాపువాడికి మాత్రం మనం 15 రోజుల్లో కట్టాలి. ఇందులో దిగితే సగం అడ్వాన్సు లేకుండా డిజైన్ కూడా మొదలుపెట్టవద్దు, ఆ నియమం బోర్డు రాసి గోడకు పెట్టండి.

నా అభిప్రాయంలో మూడూ మీకు సరిపోవు. సోమవారం నుంచి గురువారం మధ్యాహ్నం లోపు అయిపోయే పని వెతకండి.

గుండ్లకమ్మ

అయ్యగారికి వందనాలు. విశ్వాసుల పెట్టుబడి గురించి ఎవరూ నేరుగా చెప్పలేదు, నేను చెబుతాను. తీసుకోకండి. కూలి పనివాళ్ల 20,000 వ్యాపారంలో పోతే వాళ్లు అడగరు, మెల్లగా ఆరాధనకు రావడం మానేస్తారు. లాభం వచ్చినా, ఇచ్చినవాళ్లకు ముందు కుర్చీ, ఇవ్వనివాళ్లకు వెనక చాప అన్న మాట పుడుతుంది. పదిమంది దగ్గర వడ్డీ మాట చెప్పి తీసుకుంటే 2019 అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం చిక్కు కూడా ఉంది. సంఘంలో మీరే చిట్టీ నడపడం, గొలుసుకట్టు మార్కెటింగులో విశ్వాసులను చేర్పించడం కూడా వద్దు. కాపరి మాటకు కాదనలేరు కాబట్టే ఆ కంపెనీలవాళ్లు కాపరుల ఇళ్లకు ముందు వస్తారు.

డబ్బుకీ పరిచర్యకీ మధ్య గోడ ఎంత గట్టిగా ఉండాలో మన నేల మీదే ఉదాహరణ ఉంది. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. వేలమందికి కూలి దొరికింది, పనిమీద మేస్త్రీలుగా బోధకులే ఉన్నారు. సాయంత్రాలు వాక్యం చెప్పారు. బాప్తిస్మం కావాలని ఎంతమంది అడిగినా కరువు సాయం నడుస్తున్నంత కాలం ఇవ్వలేదు. కూలి కోసం వచ్చారా, ప్రభువు కోసం వచ్చారా అన్నది కలగాపులగం కాకూడదని. ఆ సాయం ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మీ షాపులో పనికి విశ్వాసిని పెట్టుకుంటే ఇదే పద్ధతి పాటించండి: జీతం బయటివాళ్లకు ఇచ్చేంత, నియమాలు కాగితం మీద, తీసేయాల్సి వస్తే ఆ మాట సంఘ పెద్ద ఒకరి ముందు. ప్రార్థనకు రాలేదని షాపులో కోపం చూపకూడదు, షాపుకు రాలేదని ప్రసంగంలో గుచ్చకూడదు.

పౌలు డేరాలు కుట్టాడని అందరం చెబుతాం (అపొ. కార్య. 18:3). రెండు వచనాల తర్వాత సీల, తిమోతి మాసిదోనియ నుంచి రాగానే వాక్య పనిలోనే నిమగ్నమయ్యాడు. సాయం వచ్చినప్పుడు చేతిపని తగ్గించుకున్నాడు, రానప్పుడు పెంచుకున్నాడు. ఫిలిప్పీ సంఘం పంపింది తీసుకున్నాడు, తానున్న కొరింథులో మాత్రం భారం వేయలేదు. సువార్త ప్రకటించేవారు దానివలన జీవించాలన్న హక్కును 1 కొరింథీ 9లో ఒప్పుకుంటూనే తాను వాడుకోలేదు. కాబట్టి జీతం తీసుకోకపోవడం మీ నిర్ణయంగా ఉండొచ్చు, మీ తర్వాత వచ్చే కాపరికి సంఘం ఏమీ ఇవ్వక్కర్లేదన్న అలవాటుగా మారకూడదు. నెలకు 2,000 అయినా పరిచర్య ఖర్చుల పద్దు కింద, పెట్రోలుకి, పుస్తకాలకి, సంఘమే పెట్టేలా పెద్దలతో తీర్మానం రాయించండి. ప్రభుత్వం పాస్టర్లకు ఇచ్చే 5,000 గౌరవ వేతనం అందితే మంచిదే, కిస్తీ లెక్కలో మాత్రం వేసుకోకండి.

మొదటి ఆరు నెలలు కొత్త కూటాలేవీ మొదలుపెట్టవద్దు. గృహ కూటాలు నెలకు నాలుగుంటే రెండు ఇద్దరు పెద్దలకు అప్పగించండి. వాళ్లు చెప్పబోయే వాక్యభాగం మీద బుధవారం గంటసేపు వాళ్లతో కూర్చోండి. ఉద్యోగం పోయాక సమయం బోలెడు ఉంటుందనుకుని ఒప్పుకున్న సభలే వ్యాపారాన్ని ముందు దెబ్బతీస్తాయి.

శారదా_తీరం

అందరికీ కృతజ్ఞతలు. గది, విశ్వాసుల పెట్టుబడి రెండూ వదిలేశాను. రెండు సందేహాలు. క్వాలిటీలో నేను చేసేది ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో రాసిన పత్రాలు), ఆడిట్‌కు కాగితాలు సిద్ధం చేయడం, సిబ్బందికి శిక్షణ. అది సొంతంగా పనికొస్తుందా? ఇక వ్యాపారంలో దశమభాగం అమ్మకం మీదా, లాభం మీదా?

లెక్కల_బల్ల

మొదటిదే మీకు తగినది, పెట్టుబడి ల్యాప్‌టాప్, ప్రింటరే. చిన్న ఫుడ్ యూనిట్లు, పచ్చళ్ల తయారీవాళ్లు, జీడిపప్పు ప్రాసెసింగ్‌వాళ్లకు శుభ్రత రిజిస్టర్లు, బ్యాచ్ రికార్డులు, రీకాల్ (లోపమున్న సరుకును వెనక్కి తెప్పించే) పద్ధతి రాసిపెట్టే మనిషి దొరకడు. పని వారం మధ్యలోనే ఉంటుంది. సేవలకు జీఎస్టీ పరిమితి ఏడాదికి 20 లక్షలు, మీకిప్పుడే అక్కర్లేదు. చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఉద్యం రిజిస్ట్రేషన్, ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఉద్యోగంలో ఉండగా మాత్రం మొదలుపెట్టవద్దు. నియామక పత్రంలో వేరే పని చేయకూడదన్న షరతు, గోప్యత షరతు ఉంటాయి, చదవండి. కంపెనీ ఎస్‌ఓపీల కాపీ ఒక్కటి కూడా పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోకండి. ఈ 10 నెలల్లో ఫుడ్ సేఫ్టీ సూపర్‌వైజర్ శిక్షణ పూర్తిచేయండి. ఫీజు 40 శాతం ముందు, 40 డాక్యుమెంట్లు ఇచ్చినప్పుడు, 20 శిక్షణ అయ్యాక అని ఒప్పందంలో రాసుకోండి.

దశమభాగం అమ్మకం మీద లెక్కగడితే వ్యాపారం మునుగుతుంది. 3 లక్షల అమ్మకంలో సరుకు, అద్దె, జీతాలు, వడ్డీ పోగా 48,000 మిగిలితే 10 శాతం అమ్మకం మీద 30,000, లాభం మీద 4,800. షాపు నుంచి ఇంటికి నెలకు ఇంతని జీతంగా తీసుకోండి, దశమభాగం దాని మీద ఇవ్వండి. ఏడాది చివర మిగిలిన లాభం మీద మళ్లీ లెక్కచూసి మిగతాది ఇవ్వండి. షాపు ఖాతా నుంచి నేరుగా కాదు, ఇంటి ఖాతా నుంచి సంఘం ఖాతాకు, అందరిలాగే రసీదు తీసుకుని.

రుబ్బురోలు

ఒప్పందంలో ఇంకొక్కటి చేర్చండి బ్రదర్: తనిఖీలు, శిక్షణ సోమ, మంగళ, బుధ, గురువారాల్లోనే అని. డిసెంబరు 15 నుంచి జనవరి 2 వరకు కొత్త పని తీసుకోనని కూడా ముందే రాయండి. మొదట్లో చెప్పేస్తే ఎవరూ ఏమీ అనుకోరు, క్రిస్మస్ వారంలో చెబితే ఖాతాదారు చేజారతాడు.