ప్రభుత్వ భూమిలో వసంతకాలపు టర్కీ కోళ్ల వేట: సాయంత్రం ఎక్కడ మాటు వేయాలి?

వాగుగట్టు:
అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మే నెల మొదట్లో వేటాడటానికి నాకు అనుమతి వచ్చింది. ఉద్యోగం వల్ల తెల్లవారుజామున వెళ్లడం కుదరదు కనుక, సాయంత్రం పూట ప్రభుత్వ భూమిలో ప్రయత్నించాలనుకుంటున్నాను. వాగు పక్కనున్న పెద్ద ఓక్ చెట్ల కింద రెట్టలు, రాలిన ఈకలు కుప్పగా కనిపించాయి కాబట్టి టర్కీలు రాత్రి అక్కడే వాలుతున్నాయని అనుకుంటున్నాను. ఆ చెట్ల కిందే కూర్చోవచ్చా? పెట్టలా కూసి వేటగాళ్లు వేసే పిలుపుకు సాయంత్రం పుంజులు బదులు పలకవంటారు, నిజమేనా?

ఓక్‌నీడ:
చెట్ల కింద మాత్రం కూర్చోకండి. గూటికి చేరే వేళ ఒక్కసారి బెదిరితే ఆ గుంపు చోటు మార్చేయవచ్చు. పైగా అది అందరి భూమి, మీ తరువాత వచ్చేవారికీ ఆ చోటు పాడవుతుంది. మేత మేసే బయలు నుంచి ఆ చెట్లకు వచ్చే దారిని వెతికి, చెట్లకు కనీసం నూట యాభై గజాల ఇవతల, మీ భుజాల కంటే వెడల్పైన మానుకు వీపు ఆనించి, ఎండ తగ్గకముందే కూర్చోండి. ఆ దారిలోని రెట్టలు కూడా చూడండి: పుంజుది కొక్కెంలా వంగి పొడవుగా ఉంటుంది, పెట్టది చుట్టలా ముద్దగా ఉంటుంది.

పుంజులు ఉదయమంత ఎక్కువగా కూయవన్నది నిజమే. అయితే పొదుగుడు మొదలైన పెట్టలు గూళ్లలోనే ఉండిపోతాయి కాబట్టి, ఒంటరైన పుంజు చడీచప్పుడూ లేకుండా నడిచి వచ్చేస్తుంది. పావుగంటకోసారి మెల్లగా పిలిచి, మధ్యలో ఎండుటాకులను చేత్తో రెండు మూడు సార్లు గీకి ఆపండి. మేస్తున్న పెట్ట చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. నా మటుకు సాయంత్రం వేటలో పిలుపు కంటే ఓపికే ముఖ్యం.

నియమపాలన:
వేళల సంగతి మరచిపోవద్దు. విస్కాన్సిన్‌లో సూర్యాస్తమయం వరకు వేటాడవచ్చు, కానీ అన్ని రాష్ట్రాలూ అలా కావు. మిస్సోరీలో 2024లో సూర్యాస్తమయం వరకు గడువు పెంచింది ప్రైవేటు భూములకే. ప్రభుత్వ భూముల్లో మధ్యాహ్నం 1 గంటకే ఆపాలి. విస్కాన్సిన్‌లో పక్షిని కొడితే మరుసటి రోజు సాయంత్రం 5 గంటలలోపు నమోదు చేయాలి.

ఎరుపు, తెలుపు, నీలం రంగులు పుంజు తలవి కనుక అవి ఒంటిమీద, చేతిరుమాలులో కూడా ఉండకూడదు. మరో వేటగాడు దగ్గరకు వస్తే చెయ్యి ఊపకండి, గట్టిగా మాట్లాడండి. కూత వినబడిన వైపు పాకుతూ వెళ్లడం ప్రభుత్వ భూమిలో అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే ఆ కూత మరో వేటగాడు టర్కీని పిలవడానికి వాడే వాయిద్యానిది కావచ్చు.

వాగుగట్టు:
ధన్యవాదాలండీ. చెట్లను వదిలి, బయలు అంచున కూర్చుంటాను. సెలవు రోజు ఉదయం కూడా వెళ్లే వీలుంటే, ముందు రోజు సాయంత్రం ఏం గమనించాలి?

ఓక్‌నీడ:
వేట వేళ ముగిశాక తుపాకీలోని గుళ్లు తీసేసి, కాసేపు దూరంగా ఆగి గుడ్లగూబ కూత వేయండి. చెట్టెక్కిన పుంజు ఉలిక్కిపడి బదులు కూస్తే, ఆ దిక్కును గుర్తుపెట్టుకుని, టార్చి వేయకుండా వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి.