పానగల్లు చెరువు ఒడ్డున సందర్శకుల కేంద్రం: చేత్తో కదిలించి చూసే నమూనాలపై చర్చ

పానగల్లు వాసి:
అందరికీ నమస్కారం. మాది నల్గొండ పక్కన పానగల్లు. ఒకప్పటి కందూరు చోళుల చెరువు, ఇప్పుడు కృష్ణా నీళ్లు అందుకుని, నిల్వ చేసి, అవసరాన్నిబట్టి వదిలే బ్యాలెన్సింగ్ రిజర్వాయరు అయిన ఉదయసముద్రం ఒడ్డున పక్షులనూ పాత గుడులనూ పరిచయం చేసే చిన్న కేంద్రం కోసం మా ఊరి యువకులం ప్రతిపాదన రాస్తున్నాం. మా ఊరి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనుక పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడను నమూనాగా చూపించాలని మా కోరిక. ఇలాంటివి చేసినవారు అనుభవాలు చెప్పగలరు.

సైన్సు టీచరు, వనపర్తి:
మా బడిలో అట్టపెట్టెతో చేసి చూశాం. టార్చిలైటు వెలుగు నేరుగా లోపల పడినంతసేపూ, దీపాన్ని జరిపిన కొద్దీ స్తంభం నీడ కూడా జరుగుతూ పోయింది. ద్వారానికి పల్చని తెల్లకాగితం అంటించాక, దీపం ఎటు జరిపినా వెలుతురు ఆ కాగితం నుంచే చెదిరి లోపలికి వచ్చింది కనుక నీడ ఉన్నచోటే నిలిచింది. ఆ కాగితాన్ని పెట్టడం, తీయడం సందర్శకులకే వదిలేయండి. అప్పుడు రహస్యం వాళ్లే పట్టుకుంటారు.

మా జిల్లాలో 1959లో ప్రారంభమైన సరళాసాగర్ ప్రాజెక్టునూ మరువకండి. నీరు నిండుమట్టం దాటగానే అక్కడి సైఫన్లు (నీటిని కట్ట దాటించే వంపు గొట్టాలు) మనిషి చెయ్యి పడకుండానే పారడం మొదలుపెడతాయి, మట్టం తగ్గి గాలి చొరబడగానే ఆగిపోతాయి. గాజు తొట్టి, వంచిన పారదర్శక గొట్టం, ఒక చేతిపంపు ఉంటే దీన్ని చూపించవచ్చు. 2019 డిసెంబరు 31న ఆ ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి కూడా పక్కనే రాయాలని నా అభిప్రాయం.

నిర్వహణ చూసినవాడు, మహబూబ్‌నగర్:
నేను పనిచేసిన చోట టచ్‌స్క్రీన్ పాడైతే బాగుచేసేవారు దొరక్క నెలల తరబడి గుడ్డ కప్పి ఉంచాం. ఊరి వెల్డరు, ప్లంబరు సరిచేయగలిగినవే పెట్టండి. తొట్టిలో బోరునీళ్లు పోస్తే ఉప్పు పేరుకుని గాజు తెల్లబారుతుంది. వాననీళ్లు పట్టి వాడండి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలకు కూడా పంపు పిడి అందాలి. చూపు లేనివారు తడిమి తెలుసుకోవడానికి ఒక చెక్కడం నకలు ఉంటే మరీ మంచిది.

నీరటి మనవరాలు, దేవరకొండ:
చెరువు నీళ్లను పొలాలకు వదిలే నీరటి పని చేసిన మా తాత, తూము (నీళ్లు వదిలే ద్వారం) తెరిచేటప్పుడు నీటి చప్పుడు విని ఎంత పారుతోందో చెప్పేవాడు. తూము నమూనా పెట్టి, పక్కన మీటను నొక్కితే ఒక నీరటి గొంతు వినిపించేలా చేయండి. మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే చోటు), శిఖం (చెరువు లోపలి నేల), తూము అనే మాటలే ఫలకాల మీద ఉండాలి, వాటికి పుస్తకాల పదాలు వెతకవద్దు.

పానగల్లు వాసి:
టీచరుగారూ, మీ పెట్టె కొలతలు పంపగలరా? ముందుగా కాగితం నమూనా చేసి ఊరి బడిలో పెడతాం.