నారింజకు ప్రాస: ఎమినెమ్ చేసేది ప్రాసేనా?

మొన్న మన భాషా గ్రూపులో ఒకరు అడిగారు: “ఇంగ్లీషు ర్యాప్‌లో వినిపించే రైమ్‌ని తెలుగులో ప్రాస అనొచ్చా?” చాలామంది అనొచ్చనే చెప్పారు. ఒక మాస్టారు మాత్రం ఒప్పుకోలేదు. ప్రాస అంటే పద్యంలో అన్ని పాదాల్లోనూ రెండో అక్షరం కలవడమేనని, పాదాల చివర కలిసేది అంత్యప్రాస అని, ర్యాపర్లు చేసేది ఈ రెండింట్లో ఏదీ కాదు కాబట్టి దానికి మన మాట వాడొద్దని తేల్చేశారు. మాస్టారు చెప్పిన లక్షణం అక్షరాలా నిజం. ఆ చివరి మాట దగ్గరే నాకు పేచీ. వ్యాఖ్యలో ఇమిడేది కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను.

అమెరికా ర్యాపర్ ఎమినెమ్‌ని ముందు పెట్టుకుని మాట్లాడదాం. చార్టులెక్కిన ర్యాపర్లు ఎందరో ఉన్నారు. అతని దగ్గర మాత్రం మాటల కూర్పు తప్ప ఇంకో పెట్టుబడి లేదు. అందుకే ఈ చర్చకు అతనే సరిపోతాడు.

అసలు పేరు మార్షల్ బ్రూస్ మేథర్స్. 1972లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ జోసెఫ్ అనే ఊళ్ళో పుట్టాడు. పసివాడిగా ఉండగానే తండ్రి వదిలేసి వెళ్ళిపోయాడు. తల్లితో కలిసి మిస్సోరీకీ డెట్రాయిట్‌కీ మధ్య తిరుగుతూ పెరిగాడు. ఇల్లు మారినప్పుడల్లా బడి మారేది, కొత్త బడిలో మళ్ళీ ఏడిపించేవాళ్ళు తయారయ్యేవాళ్ళు. తొమ్మిదో తరగతి మూడుసార్లు తప్పి, పదిహేడేళ్ళకే చదువు మానేశాడు. లెక్కలు, సోషల్ అంటే పడేది కాదు. ఇంగ్లీషు మాత్రం ఇష్టం. డిక్షనరీ ముందేసుకుని చదివేవాడు, ఎన్ని మాటలు వీలైతే అన్ని మాటలు చేతిలో ఉండాలని.

ఆ తర్వాత డెట్రాయిట్ పక్కన సెయింట్ క్లెయిర్ షోర్స్‌లో ఒక రెస్టారెంట్ వంటింట్లో పని. డెట్రాయిట్ భూగోళం కూడా కొంచెం తెలియాలి. 8 మైల్ రోడ్డు డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు హద్దు. దక్షిణాన ఎక్కువగా నల్లవాళ్ళుండే నగరం, ఉత్తరాన ఎక్కువగా తెల్లవాళ్ళుండే శివార్లు. ఈ తెల్ల కుర్రాడు నల్లవాళ్ళు పుట్టించి పెంచిన కళని నేర్చుకుంటున్నాడు. వెస్ట్ 7 మైల్ రోడ్డు మీద ‘హిప్ హాప్ షాప్’ అనే బట్టల కొట్టుండేది. శనివారాలు అక్కడ ర్యాప్ పోటీలు జరిగేవి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, వెనక బీట్ మోగుతుంటే, ఒకరినొకరు అప్పటికప్పుడు రైముల్లో దులిపేసుకోవాలి. జనం అరుపులే తీర్పు. ఆ పోటీలు నడిపిన ప్రూఫ్ అనే ర్యాపర్ ఇతనికి ప్రాణస్నేహితుడు. ముఖం చూడగానే పెదవి విరిచేవాళ్ళ ముందు నిలబడాలంటే నోట్లోంచి వచ్చే మాట తిరుగులేనిదై ఉండాలి. అతని రైము అంత చిక్కగా తయారవడానికి ఆ కొట్టే కారణమని నా నమ్మకం.

1996లో వచ్చిన మొదటి ఆల్బం ‘ఇన్ఫినిట్’ సుమారు వెయ్యి కాపీలు అమ్ముడైంది. విన్నవాళ్ళు నాస్ అనే ర్యాపర్‌ని అనుకరించాడన్నారు. పనితనం అప్పటికే ఉంది, గొంతు ఇంకా తనది కాలేదు. 1997లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ర్యాప్ ఒలింపిక్స్‌లో రెండో స్థానం వచ్చింది. అతని టేపు ఇంటర్‌స్కోప్ అనే రికార్డు కంపెనీ అధిపతి జిమ్మీ అయొవీన్ చేతికి, అక్కణ్ణించి పేరున్న ర్యాపర్, నిర్మాత డాక్టర్ డ్రే చెవికి చేరింది. 1999 ఫిబ్రవరిలో ‘ది స్లిమ్ షేడీ ఎల్పీ’ అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ ఆల్బం చార్టులో నేరుగా రెండో స్థానంలో దిగింది. మరుసటి ఏడాది ‘ది మార్షల్ మేథర్స్ ఎల్పీ’ అమెరికాలో మొదటి వారంలోనే 17 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. వెయ్యి కాపీల నుంచి అక్కడికి నాలుగేళ్ళు పట్టలేదు.

ఇక అసలు విషయం.

ఇంగ్లీషులో ‘ఆరెంజ్’కి రైమ్ లేదని ఒక వాడుక. 2010లో అమెరికా టీవీ కార్యక్రమం ‘60 మినిట్స్’లో ఈ మాట వచ్చినప్పుడు ఎమినెమ్ ఒప్పుకోలేదు. ఆ మాట వింటే చిరాకేస్తుందన్నాడు. మాటని రాసినట్టు పట్టుకుని కూర్చుంటే దొరకదు, సాగదీసి పలికితే దొరుకుతుందని, అక్కడికక్కడే ఫోర్ ఇంచ్, డోర్ హింజ్, స్టోరేజ్, పారిడ్జ్, జార్జ్ అన్నీ కలిపి ఒక వాక్యం అల్లేశాడు. రాత పక్కనపెట్టి అమెరికా యాసలో వినండి: ఓరింజ్, ఫోరించ్, స్టోరిజ్, పోరిజ్. మాస్టారూ, ఒకసారి రెండో అక్షరం చూడండి. అన్నిట్లోనూ ర. మొదటి అక్షరం అన్నిట్లోనూ గురువు, అంటే పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం. డోర్ హింజ్ దగ్గర ర్హ అనే సంయుక్తం వచ్చి తప్పుతుంది గానీ, మిగతావి మన ప్రాస లక్షణానికి కూడా దాదాపు నిలబడతాయి. మన ఛందస్సు గురించి ఏమీ తెలియని మనిషి చెవిని నమ్ముకుని అక్కడిదాకా వచ్చాడు.

కానీ ఇది యాదృచ్ఛికం. అతని చెవి వెతికేది ర-కారాన్ని కాదు, ‘ఓ’ తర్వాత ‘ఇ’ రావడాన్ని. అది తేలిగ్గా తెలియాలంటే ‘లూజ్ యువర్‌సెల్ఫ్’ మొదటి పంక్తులు వినాలి. అక్కడ వరసగా స్వెటీ, హెవీ, ఆల్‌రెడీ, స్పగెటీ అని ముగింపులు వస్తాయి. హల్లులు ట, వ, డ, ట. మన లెక్కలో ట-కారానికి వ-కారం ప్రాస కానే కాదు. అచ్చులు మాత్రం ప్రతిచోటా ఎ, ఈ. ఒక్క ముగింపులే కాదు, పంక్తి మధ్యలో కూడా అదే రకం జతలు పేర్చి ఉంటాయి. ఈ పాట అతను ‘8 మైల్’ సినిమా షూటింగ్‌లో, షాట్‌కీ షాట్‌కీ మధ్య రాసుకున్నది. 2002 నవంబరు నుంచి బిల్‌బోర్డ్ పాటల చార్టు హాట్ 100లో పన్నెండు వారాలు మొదటి స్థానంలో ఉంది. 2003లో ఆస్కార్ తెచ్చుకుంది. ఉత్తమ గీతం విభాగంలో ఒక ర్యాప్ పాటకి ఆస్కార్ రావడం అదే మొదలు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. “అక్కరకు రాని చుట్టము” అందరికీ నోటికొచ్చిన పద్యమే. నాలుగు పాదాల మొదళ్ళు: అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున. నాలుగుచోట్లా క్క కదల్లేదు. దాని ముందున్న అచ్చులు అ, ఒ, ఎ, అ. దాని మీదున్న అచ్చులు అ, ఇ, ఇ, ఉ. ముందు అక్షరం గురువైతే నాలుగు పాదాల్లోనూ గురువే, లఘువైతే (తక్కువసేపు పలికేదైతే) లఘువే ఉండాలన్నది మాత్రం షరతు. అచ్చు ఏదైనా ఫరవాలేదు. అంటే మన ప్రాసలో హల్లు నిలబడి అచ్చు మారుతుంది. ఎమినెమ్ దగ్గర అచ్చు నిలబడి హల్లు మారుతుంది.

నారింజ మీదే చేసి చూద్దాం. మన పద్ధతిలో నారింజకి జతలు: తీరని, చేరువ, ఊరికి. అతని పద్ధతిలో జతలు: నా ఇంట, మా కింద, ఆ వింత. రెండు వరసలూ పైకి చదవండి. మొదటిది కంటికి వెంటనే అందుతుంది, కాగితం మీద దాన్ని పట్టుకోవడం తేలిక. రెండోది చెవికే ముందు అందుతుంది.

ఇందులో మన శాస్త్రకారులు గమనించకుండా వదిలేసింది ఏమీ లేదు. పదకొండో శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో అనుప్రాసని చెబుతూ, అచ్చులు వేరైనా సరే, హల్లుల పోలిక ఉంటే చాలని స్పష్టంగా రాశాడు. అంటే అచ్చుల సంగతి ఆయనకి గుర్తుంది, కావాలనే పక్కన పెట్టాడు. మన సంప్రదాయం హల్లుని ఎంచుకుంది, అంతే. అలాంటప్పుడు అచ్చుని ఎంచుకున్నవాడి పనికి ప్రాస అనే పేరు దక్కదనడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. ఉత్త ‘ప్రాస’ అంటే గందరగోళం అవుతుందని మాస్టారి భయమైతే, ‘అచ్చుప్రాస’ అందాం. స్వరప్రాస అనొచ్చు గానీ, స్వరం అనగానే సరిగమలు గుర్తొస్తాయి. పాటల గురించి మాట్లాడేటప్పుడు ఆ చిక్కు వద్దు.

ఆ పోస్టు కింద వచ్చిన ఇంకొన్ని ప్రశ్నల గురించి కూడా చెప్తాను.

“తెలుగు ర్యాప్‌లో రైమ్ ఇంత చిక్కగా ఎందుకుండదు?” అని ఒక చెల్లి అడిగింది. నాకు తోచిన కారణం మన వాక్య నిర్మాణం. క్రియ చివరికి వస్తుంది, దానికి ప్రత్యయం తగులుకుంటుంది. వస్తా, చూస్తా, తీస్తా, రాస్తా అంటూ పోతే చాలు, అంత్యప్రాస దానంతటదే పడుతుంది. కష్టపడకుండా దొరికేది కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. ఇంగ్లీషువాడికి ఆ సుఖం లేదు, వెతుక్కోవాలి. ఆరుద్ర కూనలమ్మ పదాల్లో మూడేసి పాదాలకి అంత్యప్రాస పెట్టారు. ఆయన దగ్గర ప్రత్యయాల మీద బండి నడిపేయడం కనిపించదు, మాటకి మాట ఎదురొచ్చి తగులుతుంది. మన కుర్రాళ్ళు ముందు ఆయన్ని గట్టిగా చదవాలి.

పంక్తి మధ్యలో రైము సంగతి ఇంకొకరు ఎత్తారు. దానికి మనకి ఎప్పటినుంచో ప్రాసయతి ఉంది. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో ఒక అక్షరం కుదరడం) బదులు ప్రాసయతి (ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలవడం) వేసుకోవచ్చు. వేమన “చూడ చూడ రుచుల జాడ వేరు” అన్నప్పుడు చూడకి జాడ కలిసింది చూడండి, సరిగ్గా నాలుగో గణం (పాదాన్ని విడగొట్టే అక్షరాల గుంపు) మొదట్లో. పాదంలో ఒక నియమిత స్థానంలో, తాళం తెలిసిన చెవి ఎదురుచూసే చోట ఆ కలయిక పడుతుంది. ర్యాపర్ కూడా రైముని బీట్‌లో ఎక్కడపడితే అక్కడ వెయ్యడు. ఆ లెక్కన అంత్యప్రాస కంటే ప్రాసయతే ర్యాప్‌కి దగ్గరి చుట్టం.

“ఇదంతా ఆశువుగా చెప్పేదేనా, ముందే రాసుకునేదా?” అన్న ప్రశ్నకి జవాబు: పోటీలో ఆశువు, రికార్డుకి రాత. అదే ‘60 మినిట్స్’ కార్యక్రమంలో ఎమినెమ్ ఒక పెట్టె తెరిచి చూపించాడు. నిండా కాగితాలు. వాటి మీద సన్నటి అక్షరాలతో, అడ్డంగా నిలువుగా కిక్కిరిసిన రైములు. అవి పాటలు కావు, ఎప్పుడో పనికొస్తాయని దాచుకున్న ముక్కలు. యుద్ధానికి మందుగుండు పేర్చుకున్నట్టు అన్నాడు వాటిని. దత్తపదికి (ఇచ్చిన మాటలతో పద్యం చెప్పడానికి) సిద్ధపడే అవధానికి ధారణ, అంటే జ్ఞాపకశక్తి, ఎంత అవసరమో, ఈ పనికి ఆ పెట్టె అంత అవసరం.

ఒక అక్క కొంచెం కోపంగానే అడిగారు: “ఆడవాళ్ళని అంత నీచంగా తిట్టినవాణ్ణి భాషా గ్రూపులో మెచ్చుకోవడం అవసరమా?” ఆ అభ్యంతరం సబబే. స్త్రీల మీద, స్వలింగ సంపర్కుల మీద అతను రాసిన కొన్ని మాటలు నేను సమర్థించను. అది పాత్ర పలికిన మాట అన్న సమాధానం కొన్నిచోట్ల నప్పుతుంది, కొన్నిచోట్ల నప్పదు. ఇక్కడ నేను మాట్లాడేది అక్షరాల కూర్పు గురించే. ఆ కూర్పు చూపించడానికి తిట్లు లేని ఉదాహరణలే తీసుకున్నాను.

అతని వల్ల ఇంగ్లీషులో చేరిన మాట ఒకటి కూడా ఇక్కడ నమోదు కావాలి. 2000లో వచ్చిన అతని పాటలో స్టాన్ అని ఒక వెర్రి అభిమాని ఉంటాడు. ఆ పేరు కాలక్రమంలో మామూలు నామవాచకమై, క్రియ కూడా అయి, 2019లో మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువులోకి ఎక్కింది. తొమ్మిదో తరగతి దాటలేక డిక్షనరీ చదువుకున్న మనిషి ద్వారా డిక్షనరీకి ఒక మాట చేరింది. దీనికి తెలుగులో ‘వీరాభిమాని’ సరిపోతుందని కొందరన్నారు. వీరాభిమానిలో మెచ్చుకోలు ఎక్కువ, స్టాన్‌లో మొదట ఉన్నది భయం. అందుకే నాకది పూర్తిగా నప్పినట్టు లేదు.

మాస్టారూ, ‘అచ్చుప్రాస’ అన్న మాట మీకు సమ్మతమేనా చెప్పండి. లాక్షణికుల్లో ఎవరైనా అచ్చుల పోలికకి విడిగా పేరు పెట్టిన దాఖలా మీ దృష్టిలో ఉంటే, గ్రంథం పేరుతో సహా కింద రాయండి. ఆ పేరే వాడుకుందాం. మిగతావాళ్ళు జానపదాల్లోంచి, సినిమా పాటల్లోంచి, మన కుర్రాళ్ళ ర్యాప్‌లోంచి హల్లు మారి అచ్చు నిలబడ్డ జతలు దొరికితే పంపండి. ప్రత్యయాలు కలిసినవి మాత్రం వద్దు.