క్విక్ బేసిక్ 4.5: ఎఫ్5 కి నడిచిన ప్రోగ్రాం ఈఎక్స్ఈ చేస్తే మెమరీ చాలదంటోంది

ప్రశ్న (ఆకివీడు):
డాస్‌లో నడిచే మైక్రోసాఫ్ట్ క్విక్ బేసిక్‌లో రాసిన రొయ్యల చెరువుల లెక్కల ప్రోగ్రాం అండి. 200 చెరువులు, 120 రోజుల పంట. తెల్లవారుజామున చూసే ఆక్సిజన్‌కి డిమ్ ఆక్సి%(200, 120), మేతకి డిమ్ మేత%(200, 120). ఎడిటర్లో ఎఫ్5 కొడితే చక్కగా నడుస్తోంది. ఈఎక్స్ఈ (విడిగా నడిచే ఫైలు) చేయబోతే "డేటా-మెమరీ ఓవర్‌ఫ్లో" అని ఆగిపోతోంది. కోడ్ ఒకటే కదా, తేడా ఎక్కడండి?

జవాబు (భీమవరం):
బ్రాకెట్లో ఉత్త అంకెలే ఇచ్చారు కాబట్టి రెండూ స్టాటిక్ అర్రేలండి, అంటే సైజు ముందే బిగిసిపోయిన గళ్ల పట్టికలు. కంపైల్ చేస్తే స్టాటిక్ అర్రేలన్నీ డీగ్రూప్ అనే 64 కేబీ మెమరీ భాగంలోనే ఇమడాలి. మామూలు వేరియబుల్స్, స్ట్రింగులు, స్టాక్ కూడా అందులోనే. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది గనక 201 × 121 = 24,321 గళ్లు. ఇంటీజర్‌కి 2 బైట్ల చొప్పున 48,642 బైట్లు. ఒక అర్రే పట్టింది, రెండోదానికి చోటు లేదు. ఎడిటర్లో నడిపితే కామన్‌లో (ప్రోగ్రాం భాగాలు పంచుకునే వేరియబుల్స్ జాబితా) లేని ఇలాంటి అర్రేలు డీగ్రూప్ బయట ఫార్ హీప్ అనే మెమరీలోకి పోతాయి, అందుకే అక్కడ బయటపడలేదు.

డిమ్‌ల కంటే పైన రెమ్ $డైనమిక్ అని ఒక లైను పెట్టండి. అర్రేలు డైనమిక్ అయి, అంటే ప్రోగ్రాం నడిచేటప్పుడు చోటు తీసుకుని, ఫార్ హీప్‌లోకి పోతాయి. ఇంకా మంచి పద్ధతి: ఇన్‌పుట్ ఎన్% అని చెరువులెన్నో ముందే అడిగి, డిమ్ ఆక్సి%(1 టు ఎన్%, 1 టు 120) అనండి. సైజులో వేరియబుల్ ఉంటే అర్రే దానంతటదే డైనమిక్. 40 చెరువులకి 9,600 బైట్లే.

జవాబు (అమలాపురం):
ఆక్సిజన్ 5.4 అని రాయాలి కదా అని సింగిల్‌కి (దశాంశాలు పట్టే సంఖ్య రకం) మార్చకండి. గడికి 4 బైట్లయి అర్రే 97,284కి పోతుంది. ఒక్క అర్రే 64 కేబీ దాటితే డైనమిక్ అయినా సరే, క్విక్ బేసిక్‌ని /ఏహెచ్ స్విచ్‌తో తెరవాలి. 54 అని దాచుకుని, చూపించేటప్పుడు 10తో భాగించండి.

రైతుల పేర్లుంటే ఇంకో చిక్కు. మామూలు స్ట్రింగ్ అర్రేని డైనమిక్ చేసినా డీగ్రూప్ వదలదు. ఏజ్ స్ట్రింగ్ * 20 అని పొడవు బిగిస్తేనే బయటికెళ్తుంది.

ప్రశ్న (ఆకివీడు):
ఇద్దరికీ థాంక్సండి, ఈఎక్స్ఈ అయింది. పంట మధ్యలో కొత్త చెరువు చేరితే రీడిమ్ (అర్రేకి కొత్త సైజు ఇవ్వడం) చేయొచ్చాండి?

జవాబు (భీమవరం):
చేస్తే పాత రీడింగులన్నీ సున్నా అయిపోతాయి. 4.5లో పాత విలువలు నిలిపే ప్రిజర్వ్ లేదు. ముందు ఫైల్లో రాసేసి, రీడిమ్ చేసి, మళ్లీ చదివించుకోండి. పంట అయ్యాక ఈరేజ్ ఇస్తే డైనమిక్ అర్రే మెమరీ వెనక్కొస్తుంది. స్టాటిక్‌కి గళ్లు సున్నా అవుతాయి తప్ప చోటు ఖాళీ కాదు. ఇంకెంత పెద్ద అర్రే పడుతుందో డిమ్‌కి ముందు ప్రింట్ ఎఫ్ఆర్ఈ(-1) చెబుతుంది, బైట్లలో.