కింది పళ్ల సెట్టు కదులుతోంది: తప్పు డాక్టరుదా, మా ఆశదా?

వాసంతి_అమ్మకూతురు: అమ్మకు పళ్లన్నీ తీసేసి పైనా కిందా సెట్టు పెట్టించి మూడు నెలలైంది. పైది బాగుంది. కిందిది నోరు తెరిస్తే లేస్తోంది. "అలవాటవుతుంది" అంటారు డాక్టరు. సెట్టేమో డబ్బాలోనే ఉంటోంది. వైద్యం సరిగా చేయనట్టే కదా?

పళ్లడాక్టర్: అలా అనుకోనక్కర్లేదండీ. పై సెట్టు అంగిలంతా కప్పి, లాలాజలంతో అతుక్కుంటుంది. కిందిది గుర్రపు నాడా ఆకారం, మధ్యలో నాలుక కదులుతూ ఉంటుంది. పైగా పళ్లు తీశాక దవడ ఎముక అరుగుతూనే ఉంటుంది. పైదాని కంటే కిందిది సుమారు నాలుగు రెట్లు ఎక్కువ అరుగుతుంది. ఎంత బాగా చేసినా కొంత కదులుతుంది.

ఓపికమ్మ: మా నాన్నకు రెండు వారాల్లో అలవాటైంది.

వాసంతి_అమ్మకూతురు: ఇదంతా పళ్లు తీయకముందు చెప్పాలి కదా?

పళ్లడాక్టర్: చెప్తాం, కాగితం మీద సంతకం కూడా తీసుకుంటాం. ఒకాయన పాతికేళ్లప్పటి ఫొటో తెచ్చి అలాగే కావాలన్నారు. ఎన్నిసార్లు మార్చినా నచ్చలేదు, చివరికి డబ్బు వెనక్కి అడిగారు.

వాసంతి_అమ్మకూతురు: మా అమ్మ ఫొటో తేలేదండీ. సంతకం పెట్టించుకుంటే చెప్పినట్టేనా?

రాము_77: రెండు ఇంప్లాంట్లు (దవడ ఎముకలో బిగించే స్క్రూల్లాంటివి) వేయించండి, గొడవ వదిలిపోతుంది.

పళ్లడాక్టర్: నిజమే. కింద రెండు ఇంప్లాంట్లు వేసి, వాటి మీద సెట్టు బిగించడమే మొదటి ఎంపిక కావాలని 2002లోనే కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ సదస్సులో నిపుణులు అన్నారు.

వాసంతి_అమ్మకూతురు: 2002లోనా! మాకు ఒక్కరూ చెప్పలేదే!

పళ్లడాక్టర్: ఖర్చున్న మాట ఎత్తితే డబ్బు గుంజుతున్నామంటారు, ఎత్తకపోతే దాచామంటారు. మేమేం చేయాలి?

వాసంతి_అమ్మకూతురు: చెప్పండి! వద్దనుకోవడం మా ఇష్టం!

శారద: ఒక్క నిమిషం. అసలు అమ్మగారికి ఏం కావాలి? నమలడమా, మాట్లాడటమా?

వాసంతి_అమ్మకూతురు: ఇప్పుడే అడిగి వచ్చాను. నమలడం గురించి ఆవిడకు పెద్దగా పట్టింపు లేదట, మెత్తగా వండుకుంటానంది. మనవరాలికి కథ పైకి చదివి వినిపించాలట. ఆ పిల్ల "అమ్మమ్మా, నీ మాట అర్థం కావట్లేదు" అందట. ఇన్నాళ్లు నాతో కూడా చెప్పలేదు. డాక్టరు అడగలేదు. నేనూ అడగలేదు.

పళ్లడాక్టర్: అది ముందే తెలిసి ఉంటే, సెట్టు పళ్లను ఇంకా మైనంలో అమర్చి చూసే దశలోనే ఆవిడ చేత పైకి చదివించి సరిచూసే వీలుండేది. ఇప్పుడైనా కథల పుస్తకంతో వెళ్లి, డాక్టరు ముందు చదివించండి. ఎముక తగ్గి సెట్టు వదులైతే రీలైనింగ్ చేస్తారు, అంటే లోపలి వైపు కొత్త పొర వేసి చిగుళ్లకు సరిపెడతారు. చదివేటప్పుడు నాలుక కొన కింది ముందు పళ్లకు ఆనేలా చూసుకోమనండి, వెనక్కి లాగితే సెట్టు లేస్తుంది. కానీ పేషెంటు చెప్పకుండా మాకెలా తెలుస్తుంది?

వాసంతి_అమ్మకూతురు: ముసలావిడ తనంతట తాను చెప్పదండీ. అడగాల్సింది మీరే. సోమవారం పుస్తకంతో వెళ్తున్నాం.