హైదరాబాద్‌కు మారుతున్న స్టాఫ్ నర్సులు: ఏ ఆస్పత్రి మేలు, ఏం చూసి చేరాలి?

గుంటూరు_జీఎన్‌ఎం
వచ్చే నెల కుటుంబంతో హైదరాబాద్ వచ్చేస్తున్నాం. నాది జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), ఏపీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, మెడికల్ ఐసీయూ అనుభవం ఉంది. రెండు ఆఫర్లు వచ్చాయి. ఒకటి గచ్చిబౌలి వైపు 300 పడకల ఆస్పత్రి: సీటీసీ (ఆస్పత్రి నా మీద పెట్టే మొత్తం ఖర్చు) నెలకు 28,000, హాస్టల్ ఉంది కానీ దానికి జీతంలో కోత, ఏడాదిన్నర బాండ్. రెండోది దిల్‌సుఖ్‌నగర్ దగ్గర 80 పడకలది: చేతికి 22,500, బాండ్ లేదు. ఏది మేలు? నైట్లు ఎన్ని పడతాయి? పాప చిన్నది, క్రెష్ (డ్యూటీ వేళ పిల్లల్ని చూసుకునే చోటు) నిజంగా ఎక్కడైనా నడుస్తోందా? గవర్నమెంటు పోస్టుకు ప్రయత్నించాలంటే ఏది పనికొస్తుంది?

పేస్లిప్_చదవండి
ముందు ఆ 28,000ని విప్పి చూడండి. బేసిక్ 15,000 అనుకుంటే యాజమాన్యం కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ పేరుతో 4.81 శాతం అంటే 722, ఈ రెండూ సీటీసీలోనే కలిపేస్తారు. మిగిలిన గ్రాస్ 25,478. అందులో మీ వాటా పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికొచ్చేది 23,478. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా సీటీసీలో వేస్తే ఇంకా తగ్గుతుంది. అంటే రెండు ఆఫర్లకూ తేడా వెయ్యి లోపే. పైగా ఆ గ్రాట్యుటీ ఐదేళ్లు నిండకుండా మానేస్తే మామూలుగా రాదు, కానీ నెలనెలా మీ జీతం లెక్కలో చూపిస్తూనే ఉంటారు. ఆఫర్ లెటర్‌తో పాటు జీతం విడగొట్టిన అనుబంధం రాతపూర్వకంగా అడగండి. అది ఇవ్వని చోట మిగతావన్నీ అడగడం దండగ.

నైట్_ఆఫ్
కుటుంబంతో వస్తూ హాస్టల్ లెక్క ఎందుకండీ? అది వద్దని రాసిచ్చి ఇంటి అద్దె అలవెన్స్ ఇస్తారా అని అడగండి. చాలా చోట్ల ఇవ్వరు, అప్పుడు హాస్టల్ ఉన్నా లేకపోయినా మీకొకటే.

ఐసీయూ_ఛార్ట్
జీతం గురించి అందరూ చెబుతారు. నేను చెప్పేది నిష్పత్తి గురించి. వెంటిలేటర్ మీదున్న పేషంటుకు ఒక నర్సు, వెంటిలేటర్ లేని ఐసీయూ పేషంట్లు ఇద్దరికి ఒకరు, జనరల్ వార్డులో ఆరుగురికి ఒకరు. ఇది ప్రమాణం. 12 పడకల ఐసీయూలో ఆరు వెంటిలేటర్లు నడుస్తుంటే షిఫ్టుకు 6 + 3, తొమ్మిది మంది. మూడు షిఫ్టులకు 27. సెలవులు, ఆఫ్‌ల కోసం 30 శాతం కలిపితే 35 మంది ఆ ఒక్క యూనిట్ రోస్టర్‌లో ఉండాలి. ఇంటర్వ్యూలో "మీ నిష్పత్తి ఎంత" అని అడిగితే 1:1 అనే చెబుతారు. అలా అడక్కండి. "ఈ యూనిట్‌లో పడకలెన్ని, రోస్టర్‌లో పేర్లెన్ని" అని అడగండి. ఇన్‌ఛార్జి సిస్టర్, నర్సింగ్ ఎడ్యుకేటర్, ట్రైనీలను కూడా లెక్కలో కలిపి చెబుతారు, వాళ్లను తీసేసి లెక్కపెట్టండి. 35 ఉండాల్సిన చోట 20 మందే ఉంటే మీకు డబుల్ డ్యూటీలు ఖాయం, నైట్లు నెలకు దాదాపు సగం రోజులు పడతాయి. నైట్ల ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

వార్డు_బ్రదర్
80 పడకల చోట ఐసీయూ, క్యాజువాలిటీ, వార్డు మూడూ ఒకే నర్సు చూడాల్సి రావచ్చు. అది అడిగి తెలుసుకోండి. పెద్ద చోట యూనిట్ మారరు, పని లోతుగా వస్తుంది. బ్రదర్స్ (మగ నర్సులు) ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: మనల్ని ఎక్కువగా ఐసీయూ, ఎమర్జెన్సీ, ఓటీ, క్యాథ్‌ల్యాబ్, డయాలసిస్‌లలో తీసుకుంటారు, ఆస్పత్రి హాస్టళ్లు మాత్రం చాలావరకు ఆడవాళ్లకే. జీతం మాట్లాడేటప్పుడే అద్దె కలిపి మాట్లాడుకోవాలి.

సంతకం_పెట్టొద్దు
బాండ్ గురించి ఎవరూ మాట్లాడరేం? కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగానికి అడ్డుపడే బాండ్ చెల్లదు. సంతకం పెట్టండి, నచ్చకపోతే మానేయండి, ఏమీ చేయలేరు.

నర్సింగ్_అడ్మిన్
ఇలాంటి సలహాలతోనే పిల్లలు ఇరుక్కుంటున్నారు. నర్సుల నియామకాలు, రోస్టర్లు, బాండ్ కాగితాలు చూడటమే నా వృత్తి, ఈ విషయంలో నా కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఇక్కడ ఉంటారనుకోను. 2025 మే నెలలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు మూడేళ్ల కనీస సర్వీసు, మానేస్తే 2 లక్షలు అనే షరతును సమర్థించింది. ఉద్యోగంలో ఉన్నంతకాలం కట్టుబడి ఉండాలనే షరతుకు 27వ సెక్షన్ అడ్డు రాదని చెప్పింది. బాండ్ చెల్లదని గుడ్డిగా చెప్పకండి.

సంతకం_పెట్టొద్దు
అది ప్రభుత్వ రంగ బ్యాంకు! మళ్లీ నోటిఫికేషన్, మళ్లీ పరీక్ష, దానికయ్యే ఖర్చు ఉందని కోర్టు చూసింది. ప్రైవేటు ఆస్పత్రి నర్సును తీసుకోవడానికి ఏం ఖర్చు పెడుతుంది? ఒక రోజు ఇండక్షన్, రెండు జతల యూనిఫాం. దానికి లక్ష అడుగుతారా? మీరు యాజమాన్యం కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నారు.

నర్సింగ్_అడ్మిన్
కుర్చీ ఏదైనా చట్టం ఒకటే. 74వ సెక్షన్ ప్రకారం బాండ్‌లో ఎంత రాసినా కోర్టు ఇప్పించేది సహేతుకమైన పరిహారమే. ఆస్పత్రి తన డబ్బుతో ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగినప్పుడు చేసే అత్యవసర చికిత్సలో శిక్షణ), క్రిటికల్ కేర్ కోర్సు చేయించి ఉంటే ఆ ఖర్చు అడిగే హక్కు ఉంటుంది. ఏమీ చేయించకపోతే తక్కువ. ఈ తేడా చెప్పకుండా "సంతకం పెట్టేసి పారిపోండి" అనడం బాధ్యత లేని మాట.

సంతకం_పెట్టొద్దు
పారిపొమ్మని నేనెక్కడ అన్నాను? నోటీసు ఇచ్చి మానేసే హక్కు గురించి చెప్పాను. నా మాటలు మార్చకండి.

కాగితాల_అక్క
ఇద్దరూ ఆగండి. బాండ్ కంటే ప్రమాదమైనవి రెండున్నాయి, వాటిని వదిలేసి సెక్షన్ల మీద కొట్టుకుంటున్నారు.

మొదటిది ఒరిజినల్ సర్టిఫికెట్లు. వెరిఫికేషన్‌కు చూపించాలి, అప్పుడే వెనక్కి తెచ్చుకోవాలి. అటెస్టెడ్ జిరాక్సులు ఇస్తే చాలు. టెన్త్ మెమో, జీఎన్‌ఎం డిప్లొమా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ తీసుకుని బీరువాలో పెట్టే అధికారం ఏ ఆస్పత్రికీ లేదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే, ఒక్కో సర్టిఫికెట్ పేరు, నంబరు రాసిన రసీదు హెచ్‌ఆర్ స్టాంపుతో తీసుకోండి. ఇవ్వనంటే "ఫలానా తేదీన ఫలానా కాగితాలు మీకిచ్చాను" అని ఈమెయిల్ పంపండి. రేపు లాయర్ నోటీసుకైనా, పోలీసు ఫిర్యాదుకైనా ఆ ఈమెయిలే ఆధారం.

రెండోది బ్లాంక్ చెక్కు. బాండ్ సివిల్ వ్యవహారం, ఏళ్లు పడుతుంది. సంతకం చేసిన చెక్కు మాత్రం బ్యాంకులో వేసి, అది బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయొచ్చు. బ్యాంకు నుంచి సమాచారం వచ్చిన 30 రోజుల్లో నోటీసు ఇస్తారు, అది మీకు అందాక 15 రోజుల్లో కట్టకపోతే కేసు. "అప్పు లేదు, సెక్యూరిటీగా ఇచ్చాను" అని కోర్టులో వాదించాల్సింది మీరే. బాండ్ మీద సంతకం గురించి ఆలోచించొచ్చు కానీ, చెక్కు అడిగిన చోట చేరొద్దు.

నర్సింగ్_అడ్మిన్
చెక్కు విషయంలో పూర్తిగా ఏకీభవిస్తాను.

గుంటూరు_జీఎన్‌ఎం
నా ఆఫర్‌లో చెక్కు మాట లేదు, బాండ్ మొత్తం 50,000. దయచేసి గవర్నమెంటు సంగతి, పాప సంగతి కూడా చెప్పండి.

ఎంహెచ్‌ఎస్‌ఆర్‌బీ_ప్రిపరేషన్
ప్రభుత్వ పోస్టుకు ప్రైవేటు అనుభవం ఒక్క మార్కు కూడా తేదు. 2024లో తెలంగాణలో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు పెట్టారు. స్కేలు 36,750 నుంచి 1,06,990. ఆ దారే కావాలంటే గాంధీ, ఉస్మానియా, నీలోఫర్, బస్తీ దవాఖానా, ఎక్కడైనా కాంట్రాక్టు పోస్టు దొరికితే జీతం తక్కువైనా పట్టుకోవాలి. జాయినింగ్ ఆర్డరు, సర్వీసు సర్టిఫికెట్ ప్రభుత్వ అధికారి సంతకంతో ఉండాలి.

నైట్_ఆఫ్
ఆవిడది గుంటూరు. 95 శాతం పోస్టులు లోకల్‌కే. ఈ మాట ముందు చెప్పాలి కదా?

గుంటూరు_జీఎన్‌ఎం
ఆధార్ అడ్రస్ హైదరాబాద్‌కు మారిస్తే లోకల్ అవ్వనా?

ఎంహెచ్‌ఎస్‌ఆర్‌బీ_ప్రిపరేషన్
అవ్వరు. ఒకటి నుంచి ఏడో తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారో అదే లెక్క. మీకు మిగిలేది 5 శాతం ఓపెన్. దాని కంటే నార్సెట్ (ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ల ఎంపిక పరీక్ష) రాయండి. అందులో ఈ లోకల్ గొడవ లేదు, బీబీనగర్ ఎయిమ్స్ కూడా ఆప్షన్లలో పెట్టుకోవచ్చు. లెవెల్ 7, మూల వేతనం 44,900. బీఎస్సీ వాళ్లకు అనుభవం అక్కర్లేదు కానీ మీలాంటి జీఎన్‌ఎంలకు కనీసం 50 పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. మీ రెండు ఆఫర్లూ దానికి సరిపోతాయి. అనుభవ పత్రంలో పడకల సంఖ్య రాయించుకోవడం మరవకండి. ఎయిమ్స్‌లో 80 శాతం పోస్టులు ఆడవాళ్లకే.

బస్సు_పాస్
ఆధార్ మార్చడం మాత్రం మానొద్దు. మహాలక్ష్మి ఉచిత ప్రయాణానికి తెలంగాణ అడ్రస్ ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి, లేకపోతే కండక్టర్ టికెట్ కొడతాడు. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తారు. మెట్రో రైలుకు ఇది వర్తించదు.

ఐసీయూ_ఛార్ట్
మెట్రో ఉదయం 6కు మొదలవుతుంది. 8 గంటల మార్నింగ్ డ్యూటీకి ఇబ్బంది లేదు. ఈవెనింగ్ డ్యూటీ 8కి అయిపోయినా హ్యాండోవర్ ముగిసి బయటపడేసరికి 8:45, అప్పటికీ రైళ్లుంటాయి. 7 గంటల షిఫ్టు పెట్టే చోటికి ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేట మారి రాయదుర్గం వెళ్లడం మాత్రం ఇరుకే. అక్కడ దిగాక ఆస్పత్రి దాకా ఇంకో ఆటో. రోజుకు రెండు పూటలా ఆటో ఖర్చు కలిపితే గచ్చిబౌలి ఆఫర్‌లో ఆ వెయ్యి ఎక్కువ కూడా మిగలదు.

వార్డు_బ్రదర్
గచ్చిబౌలిలో చేరేవాళ్లు ఎల్బీనగర్‌లో ఇల్లెందుకు తీసుకుంటారు?

ఐసీయూ_ఛార్ట్
అద్దెల వల్ల. కొండాపూర్‌లో రెండు గదుల ఇంటి అద్దె ఒకసారి కనుక్కుని మాట్లాడండి.

సూది_గుచ్చుకుంటే
ఇంత చర్చలో ఒక్కరూ అడగని ప్రశ్న: రాత్రి రెండు గంటలకు సూది గుచ్చుకుంటే పీఈపీ (హెచ్‌ఐవీ సోకకుండా వాడే మందు) మొదటి డోసు ఎక్కడుంటుంది? వీలైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే లాభం లేదు, 28 రోజులు వాడాలి. "పొద్దున్నే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్ వస్తారు" అన్న జవాబు వస్తే అక్కడ ఏర్పాటు లేనట్టే. మందు క్యాజువాలిటీలో ఉండాలి, బిల్లు మీ పేరున పడకూడదు. హెపటైటిస్ బి మూడు డోసులు 0, 1, 6 నెలల్లో ఆస్పత్రే వేయించాలి. ఆఖరి డోసు అయిన నెల, రెండు నెలలకు టైటర్ (రక్తంలో యాంటీబాడీల పరీక్ష) చేయించి 10 దాటిందని కాగితం మీ దగ్గర పెట్టుకోండి. రాకపోతే మళ్లీ కోర్సు. జీతంలో వెయ్యి తక్కువైనా ఇది సరిగ్గా ఉన్న చోటే చేరమంటాను. ఈ విషయంలో రాజీ పడొద్దు అక్కా.

పేస్లిప్_చదవండి
క్రెష్: 50 మంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే చోట చట్ట ప్రకారం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చు. అడగాల్సింది "ఉందా" అని కాదు, "రాత్రి 8 దాకా తెరిచి ఉంటుందా" అని. పగటి జనరల్ షిఫ్టుకే తెరిస్తే ఈవెనింగ్ డ్యూటీ వాళ్లకు పనికిరాదు. ఇంకో సంగతి. గ్రాస్ 21,000 లోపైతే ఈఎస్‌ఐ వస్తుంది, మీ వాటా 0.75 శాతమే, ప్రసూతి సెలవు జీతం సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి నుంచి కాదు, మీ ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసు నుంచి వస్తుంది. 21,000 దాటితే ప్రసూతి జీతం యాజమాన్యమే ఇవ్వాలి: అంతకు ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాలు.

సంతకం_పెట్టొద్దు
ఇవన్నీ సరే, ప్రైవేటు నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016లో చెప్పిన తర్వాత వేసిన కమిటీ సిఫార్సు ఏమైంది? 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమాన జీతం, 100 దాటితే పది శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 మధ్య 25 శాతానికి మించి తగ్గకూడదు, 50 లోపైనా 20,000 తగ్గకూడదు. 300 పడకల చోట 28,000 సీటీసీ అన్యాయం.

నర్సింగ్_అడ్మిన్
అన్యాయమే. కానీ అది సిఫార్సు. ఇంటర్వ్యూ టేబుల్ మీద చట్టంలా వాడితే ఆఫర్ పోతుంది. మీ చేతిలో ఉన్న బలం వెంటిలేటర్ అనుభవం, చెల్లుబాటులో ఉన్న బీఎల్‌ఎస్ (ప్రాణరక్షణ ప్రాథమిక శిక్షణ), ఏసీఎల్‌ఎస్ కార్డులు. వాటి గడువు రెండేళ్లు. అవి చూపించి ఐసీయూ అలవెన్స్ అడగండి, బాండ్‌ను ఏడాదికి తగ్గించమనండి. ఐసీయూ నర్సులు దొరక్క ప్రతి ఆస్పత్రీ వెతుకుతోంది, చాలా చోట్ల ఒప్పుకుంటారు.

కాగితాల_అక్క
గుంటూరు చెల్లీ, ఆఫర్ ఏదైనా ఇప్పుడే మొదలుపెట్టాల్సిన పని కౌన్సిల్‌ది. ఏపీ కౌన్సిల్‌లో రెన్యువల్ బాకీ ఉంటే ముందు అది కట్టి, ఎన్‌ఓసీకి పెట్టుకోండి. అది వచ్చాకే తెలంగాణ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవుతుంది. ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర: టెన్త్ మెమోలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది. రెండూ ఒకరేనని అఫిడవిట్ చేయించి మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేయండి. పాత ఆస్పత్రి పీఎఫ్‌లో మీరు మానేసిన తేదీ వేసిందో లేదో కూడా చూసుకోండి. వేయకపోతే ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మీరే ఓటీపీతో వేసుకోవచ్చు.

గుంటూరు_జీఎన్‌ఎం
పేరు సరిగ్గా అలాగే ఉంది అక్కా. అఫిడవిట్ గుంటూరులో చేయిస్తే చెల్లుతుందా, హైదరాబాద్‌లోనే చేయించాలా?

కాగితాల_అక్క
నోటరీ ఎక్కడిదైనా చెల్లుతుంది. రెండు ఒరిజినల్స్ చేయించు, ఒకటి కౌన్సిల్‌కు, ఒకటి హెచ్‌ఆర్‌కు.